రేపు రా అన్న గోడ

అనగనగా, అనేవాళ్ళు అంటూ ఉంటే వినేవాళ్ళు వింటూ ఉండగా, ఒక ఊళ్ళో... ఒరేయ్ శేషూ, ఆ కాళ్ళు ముడుచుకో, అమ్ములు మీద పడేస్తున్నావు. ఆఁ. ఒక ఊళ్ళో అన్నానా? ఆ ఊరి పేరు పెచ్చులపాడు. ఆ పేరెందుకొచ్చిందో వింటే మీకే తెలుస్తుంది. ఊ కొట్టండి మరి. ఊ కొట్టకపోతే కథ దారి తప్పి ఎటో పోతుంది, దాన్ని వెతుక్కుంటూ తిరగడానికి నా మోకాళ్ళు అసలే బాలేవు.

ఆ దేశానికో రాజుగారున్నారు. ఆయనకి ఇద్దరు రాణులు, నలభై గుర్రాలు, ఒక నల్లంగీ. నిగనిగలాడే నల్లపట్టు అంగీ, మోకాళ్ళ దాకా ఉండేదట. రాణులంటే ఇష్టమే, గుర్రాలంటే ఇష్టమే, ఆ అంగీ అంటే మాత్రం ప్రాణం. ఒకరోజు ఆయనకి మారువేషంలో ఊళ్ళు చూడాలని బుద్ధి పుట్టింది. తలకి పాతగుడ్డ చుట్టుకున్నాడు, చేతిలో కర్ర పట్టుకున్నాడు, అంగీ మాత్రం విప్పలేదు. అదేం మారువేషం అంటావా? రాజులకి తెలివుంటే ఇంక మంత్రులెందుకమ్మా.

అలా తిరిగి తిరిగి పెచ్చులపాడు వచ్చేసరికి ఎండ మండిపోతోంది. ఒక వీధిలో కాస్త నీడ కనపడితే అక్కడ గోడకి వీపానించి సేద తీరాడు. తీరి, కోటకి పోయాడు. కొలువులోకి వచ్చి, అందరికీ వీపు చూపించుకుంటూ సింహాసనం మెట్లెక్కాడు. వీపంతా తెల్లగా సున్నం! పిండి బస్తా మోసుకొచ్చినవాడిలా ఉన్నాడు. ఒక్కడూ చెప్పలేదు. రాజుగారి వీపు సంగతి రాజుగారితో చెప్పే మొనగాడెవడు? పొద్దుగూకే దాకా అలాగే తిరిగాడు. చివరికి చిన్నరాణి చూసి పకపకా నవ్వింది. అంతే, రాజుగారికి తల కొట్టేసినట్టయింది.

మర్నాడే దండోరా. వచ్చే పున్నమికి రాజుగారు పెచ్చులపాడు వస్తారు. ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇంటి వీధిగోడకీ వీపానిస్తారు. అంగీకి సున్నం అంటిందో, ఆ ఇల్లు పడగొట్టించి అక్కడ గుర్రాలకి సాల కట్టిస్తారు. అసలు సున్నమే వెయ్యని ఇల్లయితే ఆనుకునే పని కూడా లేదు, నేరుగా గునపాలే. ఇదీ దండోరా. పున్నమికి పదమూడు రోజులుంది.

ఊ కొడుతున్నారా? కొట్టండి, కొట్టండి.

ఆ వీధిలో ఎనిమిదిళ్ళు. ఎనిమిదో ఇల్లు పేరిందేవమ్మది. ఆవిడకో కొడుకు గవర్రాజు, ఆ కొడుక్కి పెళ్ళాం తాయారు. తాయారు కాపురానికొచ్చి ఇంకా ఏడాది కాలేదు. ఆ ఇంటిని ఊళ్ళో అందరూ రేపోరిల్లు అనేవారు. ఎందుకంటే వీధిగోడ మీద, గుమ్మం పక్కన, బొగ్గుతో ఇంతింత అక్షరాలు రాసుండేవి, రేపు రా అని.

ఎవరికంటావా? దయ్యానికి! గవర్రాజు ముత్తాత నాటి నుంచీ ఆ ఇంటికి రోజూ మిట్టమధ్యాహ్నం, నీడ కాళ్ళ కిందకొచ్చే వేళకి, ఒక దయ్యం వచ్చేది. వీధిలో టప్ టప్ మని అడుగుల చప్పుడు. గోడ దగ్గర ఆగేది. ‘చ్చు’ అని నాలుక చప్పరించేది. వెనక్కి వెళ్ళిపోయేది. గోడ మీద రేపు రా అనుంది కదా, చదువుకుని రేపొద్దామని వెళ్ళిపోతోంది అని ఇంట్లోవాళ్ళ నమ్మకం. అక్షరాలు మాసిపోతే మళ్ళీ బొగ్గు దిద్దేవారు. ఆ గోడ మీద చెయ్యి మాత్రం వెయ్యనిచ్చేవారు కాదు. ముత్తాత చచ్చిపోతూ చెప్పాడట, ఆ అక్షరాలు చెరిగిన రోజున దయ్యం లోపలికొచ్చి ఇంటి మగవాణ్ణి ఎత్తుకుపోతుందని. పేరిందేవమ్మకి ఒక్కగానొక్క కొడుకు. ఆవిడ భయం ఆవిడది, పాపం.

దయ్యానికి చదువొచ్చా అని అడుగుతోందర్రా అమ్ములు. నువ్వు కాస్త ఆగు తల్లీ. నీ బుర్ర నా కథ కంటే ముందు పరిగెడుతోంది.

అసలు సంగతేమిటంటే, ఆ రేపు అనే మాట గోడ మీంచి ఇంట్లోకొచ్చి కూర్చుంది. పొద్దున్న లేస్తే కళ్ళెదుట అదే కదా! గొడ్లపాకకి తాటాకు మార్చాలి, రేపు. బావికి చేంతాడు పాతదైంది, రేపు. గవర్రాజుకి తలమాసింది, మంగలి రేపు. పాలు తోడెయ్యడం కూడా రేపంటే పాలు విరిగిపోయేవి. మీ నాన్న లేడూ, పెరటి కుళాయి కారుతోందని నేను చెప్పి ఎన్నాళ్ళయింది? అలాగన్నమాట.

దండోరా విన్న రోజున తాయారు గుమ్మంలో నిలబడి ఆ గోడని పైనించి కిందకి చూసింది. ఎన్ని తరాల సున్నమో, పెచ్చు మీద పెచ్చు, అట్టు మీద అట్టులా ఉంది. వేలు పెడితే రాలుతోంది. అప్పుడే అనుకుందా పిల్ల, ఈ ఇల్లు పోనివ్వను, ఏమైనా సరే పోనివ్వను అని. పుట్టింట్లో దాని తల్లి ఏటేటా సున్నం వేసేది, పని తెలిసిన పిల్ల. వెళ్ళి మొగుడితో చెప్పింది, ఇవాళే మొదలెడదామని. గవర్రాజు మంచం మీద అటు నించి ఇటు తిరిగి, ఇంకా పదమూడు రేపులున్నాయి కదే అన్నాడు.

ఇంక తాయారు అతనికోసం చూళ్ళేదు. ఊరి చివర నత్తగుల్లలు కాల్చే బట్టీకి పోయి గంపెడు గుల్ల సున్నం తెచ్చింది. పెరట్లో పాత కాగులో పోసి నీళ్ళు పోస్తే అది బుసబుసా పొంగి కుతకుతా ఉడికింది. దాన్ని రోజూ కలుపుతూ నానబెట్టింది. తుమ్మ జిగురు ఏరుకొచ్చి వేన్నీళ్ళలో కరగబెట్టింది. ఈతమట్ట చితక్కొట్టి కుంచె చేసింది. అప్పుడు కొబ్బరిచిప్ప పట్టుకుని పెరటి గోడ దగ్గర కూర్చుని గీకడం మొదలెట్టింది. బర్ర్ బర్ర్ బర్ర్. పెచ్చులు రాలి జుట్టంతా తెల్లబడింది, ముసలమ్మలా అయిపోయింది పిల్ల.

ఎదురింటివాళ్ళు, పక్కింటివాళ్ళు వచ్చి నవ్వారు. ఎందుకమ్మా ఈ గీకుడు, పాతదాని మీద కొత్తది పూసేస్తే తెల్లగానే ఉంటుంది కదా అని. తాయారు ఏమందో వినండి. ఇది మీరూ నాతో పాటు అనాలి:

“నీళ్ళు లేందే తడి లేదు, తడి లేందే పట్టు లేదు, పట్టు లేందే పూత లేదు, పూత లేందే ఇల్లు లేదు, ఇల్లు లేందే అత్తా లేదు కోడలూ లేదు!”

అనరా శేషూ. ఆఁ, ఇల్లు లేందే అత్తా లేదు కోడలూ లేదు. బావుంది.

రెండో రోజో మూడో రోజో గవర్రాజుకి ఏ మూలనో సిగ్గేసింది. పెళ్ళాం ఒక్కత్తే చేస్తోంది, నేనూ ఓ చెయ్యి వేస్తానని కుంచె పట్టుకుని గొడ్లపాక వైపు గోడకి పోయాడు. గీకలేదు, తడపలేదు. ఒక్క పూత పూశాడు. చూస్తే గోడ తెల్లబళ్ళేదు! సున్నం తడిగా ఉన్నప్పుడు కనపడదర్రా, ఆరితేనే తెలుపు. అది తెలీదా అమాయకుడికి. సున్నం చాల్లేదనుకుని ఇంకా వేశాడు, ఇంకా వేశాడు, పెరుగన్నంలా మెత్తాడు. మర్నాటికి తెల్లగా మెరిసిపోతోంది. చూశావా నా పనితనం అని మీసం దువ్వుకున్నాడు. ఇంతలో వాళ్ళ గేదె వచ్చి వీపు దురదేసి ఆ గోడకి రుద్దుకుంది. దభాల్న గోడంత సున్నం ఊడి గేదె మీద పడింది. నల్లగేదె తెల్లగేదై వీధిలో పడి పరిగెడుతుంటే దాన్ని చూసి మిగతా గేదెలు బెదిరిపోయాయట. తాయారు కొబ్బరిచిప్ప తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. ఆ రోజు నించీ అతను గీకాడు, నీళ్ళు తోడాడు. సణుక్కుంటూనే అనుకోండి, తోడాడు మాత్రం.

అలా తొమ్మిది రోజుల్లో మూడువైపులా అయిపోయింది. రాజుగారు వీపానించే వీధిగోడ ఒక్కటే మిగిలింది.

పదో రోజు పొద్దున్న తాయారు చిప్ప పట్టుకుని వీధిలోకొచ్చేసరికి అత్తగారు అరుగు మీద మొహం గంటు పెట్టుకుని, ఒళ్ళో దుడ్డుకర్ర పెట్టుకుని కూర్చునుంది. గోడ ముట్టుకున్నావో చెయ్యి విరగ్గొడతానంది. మొహమైతే అలా పెట్టింది గాని ఆవిడ చూపు మాటిమాటికీ లోపలున్న కొడుకు మీదికే పోతోంది. తాయారు చూసింది. కర్ర లాక్కోలేదు, వాదించలేదు. పక్కనే అరుగు మీద కూర్చుని నెమ్మదిగా చెప్పింది. అత్తా, గీకితే అక్షరాలు పోతాయి, నిజమే. గీకకపోతే మూడ్రోజుల్లో గోడే పోతుంది, గోడతో పాటు అక్షరాలూ పోతాయి. దయ్యం ఎలాగూ వస్తుంది. అది వచ్చినప్పుడు మనం ఇంట్లో ఉందామా, చెట్టు కింద ఉందామా?

పేరిందేవమ్మ ఆలోచించింది. ఆలోచించి ఆలోచించి, రేపు చెబుతానంది.

“రేపు లేదత్తా,” అంది తాయారు. “ఇవాళే. దయ్యమొస్తే నేను మాట్లాడతాను. నీ కొడుకు మీద చెయ్యెయ్యాలంటే ముందు నన్ను దాటాలి.”

ఆ మాటకి ముసలావిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కర్ర పక్కన పెట్టి లోపలికి పోయింది. 

తాయారు గీకడం మొదలెట్టింది. ముందు గోడ కింద, తర్వాత పైన, అలా అక్షరాల దగ్గరికొచ్చింది. అక్కడా చెయ్యి ఆపలేదు. ‘రే’ రాలింది. ‘పు’ రాలింది. నడుం నొప్పెట్టి కాస్త నిటారుగా నిలబడి ఊపిరి తీసుకుంది. ఇంతలో లోపల్నించి అత్తగారు తొంగి చూసి కెవ్వుమని అరిచింది.

ఎందుకరిచింది? చెప్పుకోండి చూద్దాం. రేపు రా లో రేపు పోతే ఏం మిగిలింది?

రా! అంతే మిగిలింది. గోడ మీద ఇంత పెద్ద అక్షరం, రా అని! దయ్యాన్ని బొట్టు పెట్టి పిలిచినట్టయింది. తాయారు గబుక్కున తన నీడ కేసి చూసుకుంది. నీడ లేదు. కాళ్ళ కిందకొచ్చేసింది. మిట్టమధ్యాహ్నం! ఆ అక్షరం చెరిపేద్దామని చిప్పెత్తిందో లేదో, వీధి చివర్నించి టప్, టప్, టప్.

పేరిందేవమ్మ పెద్ద గాదె వెనక దూరింది. గవర్రాజు ఒక్క అంగలో అటకెక్కి నిచ్చెన కూడా పైకి లాగేసుకున్నాడు. తాయారు ఒక్కత్తే మిగిలింది. దానికి భయం లేదని చెప్పను. అయినా మాటిచ్చింది కదా. గుమ్మానికడ్డంగా చిప్ప పట్టుకుని నిలబడింది.

ఒసే అమ్ములూ, దుప్పటి మొహం మీంచి తియ్యి. ఊపిరాడదు. ఇందులో భయపడాల్సింది ఏం లేదు, విను.

దయ్యం వచ్చింది. ముసలి దయ్యం, నడుం వంగిపోయింది. పాదాలు వెనక్కున్నాయి. చీర నిండా సున్నపు చుక్కలు. చేతిలో అరిగిపోయిన కుంచె. తాయారు కేసి చూడనైనా లేదు. తిన్నగా గోడ దగ్గరికెళ్ళి, గీకిన చోట అరచెయ్యి పెట్టి అటూ ఇటూ నిమిరింది. నిమిరి, కళ్ళు తుడుచుకుని, అమ్మయ్య, ఇన్నాళ్ళకి గీకారు అంది.

తాయారు ధైర్యం చేసి, నువ్వెవరు పెద్దమ్మా అంది. అప్పుడు చెప్పుకొచ్చిందా దయ్యం. తన పేరు సున్నాల సూరమ్మ. ఆ ఊళ్ళో ఒకప్పుడు ప్రతి గోడకీ సున్నం తనే వేసేది. ఆ రోజుల్లో ఆ ఊరి ఆనవాయితీ ఏమిటంటే, గీకడం ఇంటివాళ్ళ పని, పూయడం పూతవాళ్ళ పని. గవర్రాజు ముత్తాత మూడు గోడలు గీకించి వేయించుకున్నాడు. నాలుగోది గీకి ఉంచుతాను, రేపు రా అన్నాడు. రేపొచ్చింది. గీకలేదు. రేపు రా అన్నాడు. మళ్ళీ వచ్చింది. మళ్ళీ రేపన్నాడు. అలా మూడు వానాకాలాలు తిరిగింది. తర్వాత జ్వరమొచ్చి పోయింది. పోయినా ప్రాణం ఆ గోడ మీదే ఉండిపోయింది. ఊరంతా పూసి ఒక్క గోడ వదిలేస్తే పనిచేసిన చెయ్యి ఊరుకుంటుందా? అందుకే రోజూ ఆ వేళకొచ్చి, గోడ గీకారా లేదా అని చూసుకుని పోతోంది.

మరి గోడ మీద రాసింది చదివి కాదూ నువ్వు వెనక్కెళ్ళేది అంది తాయారు.

“రాసిందా?” అంది సూరమ్మ. “నాకు చదువెక్కడిదే పిల్లా! ఎవరో కుర్ర వెధవ బొగ్గుతో పిచ్చిగీతలు గీశాడనుకున్నాను. రోజూ చూసి చిరాకేసేది, నా గోడంతా పాడుచేశారని.”

చూశారర్రా! మూడు తరాలుగా బొగ్గు దిద్దుకుంటూ ఆ అక్షరాల కింద వణుకుతూ బతికారు, ఆ దయ్యానికి అ ఆ లు రావు! అమ్ములూ, నువ్వడిగింది ఇదే కదూ? నీకు రేపు, కాదు కాదు, ఇప్పుడే ఓ బెల్లంముక్క పెడతాను, ఆ డబ్బా ఇలా అందుకో.

తాయారుకి మొదట నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఎంత తప్పు చేశారు మావాళ్ళు పెద్దమ్మా, నిన్ను తిప్పి తిప్పి చంపారు, చచ్చాక కూడా తిప్పారు అని ఆవిడ చేతులు పట్టుకుంది. చల్లగా, సున్నంతో గరుగ్గా ఉన్నాయిట. నా ఇల్లు కూడా ఈ గోడ మీదే ఉంది పెద్దమ్మా, పున్నమికి రాజొస్తాడు, నువ్వు పూస్తావా అనడిగింది. సూరమ్మ మొహం విప్పారింది. విప్పారిన మొహం అంతలోనే చిట్లించుకుంది. గీకుడు సగమే అయిందేం? ఈ గుంటలు సున్నం, ఇసక కలిపి పూడ్చలేదేం? గోడకి దాహం తీర్చావా? నీళ్ళు తాగని గోడ నా పూతలో నీళ్ళు పీల్చేసి పొడి రాల్చేస్తుంది తెలుసా? అని ఒకటే దులుపుడు. పనిమంతురాలు దయ్యమైనా పనిమంతురాలే.

తాయారు అటక కేసి తిరిగి కేకేసింది. నిన్నెత్తుకుపోవడానికి రాలేదయ్యా, నీళ్ళు కావాలిట, దిగు! గవర్రాజు దిగాడు. ఒకసారి దయ్యం పాదాల కేసి, ఒకసారి పెళ్ళాం కేసి చూసి, బావి దగ్గరికి పోయాడు. చేద వెయ్యగానే ఆ పాత చేంతాడు పుటుక్కున తెగింది. రేపు మార్చుదామన్న చేంతాడే! ఇంకెప్పుడైనా అయితే ఆ వంకతో వారం పడుకునేవాడు. ఆ రోజు మాత్రం అక్కడికక్కడే కొబ్బరిపీచు తెచ్చుకుని, అరచేతులు బొబ్బలెక్కేలా కొత్త తాడు పేనాడు. పొద్దుగూకే దాకా కడవ మీద కడవ తెచ్చి గోడ మీద కొట్టాడు. నీళ్ళు లేందే తడి లేదు, తడి లేందే పట్టు లేదు అని పాడుకుంటూ కొట్టాడు. గాదె వెనకనించి అత్తగారు కూడా ఇవతలికొచ్చి, రా అనే అక్షరాన్ని తన చేత్తోనే గీకేసింది. మిగిలిన గోడ గీకి, గుంటలు పూడ్చేసింది తాయారు.

పదకొండో రోజు మధ్యాహ్నం సూరమ్మ మళ్ళీ వచ్చింది. సున్నాన్ని పల్చటి బట్టలో రెండుసార్లు వడగట్టించింది. నాలిక మీద వేసుకుని జిగురు సరిపోయిందో లేదో చూసింది. మనం అలా చెయ్యకూడదు, నాలిక పొక్కుతుంది, ఆవిడ దయ్యం కాబట్టి సరిపోయింది. పల్చగా మజ్జిగతేటలా చేసి అడ్డంగా ఒక పూత వేసింది. పన్నెండో రోజు మధ్యాహ్నం నిలువుగా ఒక పూత. కుంచె ఎత్తిన చోటు తెలీలేదు, దించిన చోటు తెలీలేదు. నీడ మళ్ళే వేళకి పని పూర్తయింది. సూరమ్మ రెండడుగులు వెనక్కేసి, తల పక్కకి వాల్చి గోడని చూసుకుంది.

“రేపటిదాకా దీన్నెవరూ ముట్టుకోకండి,” అంది. “రేపనే మాట దేనికైనా అనొచ్చంటే, ఆరడానికొక్కదానికే అనాలి.”

తాయారు కూర్చో పెద్దమ్మా, ఓ ముద్ద తిని వెళుదువుగాని అంది. ఆవిడ నవ్వి, నాకింక ఆకలి లేదే అంది. అని, గోడ కేసే చూస్తూ చూస్తూ, ఎండలో సున్నం ఆరినట్టే మెల్లిగా కనపడకుండా పోయింది. అత్తాకోడళ్ళిద్దరూ అక్కడే నిలబడి ఏడ్చారు.

నిద్రపోయారా? లేదా? అయితే రాజుగారొస్తున్నారు, లేచి కూర్చోండి.

పున్నమి నాటి పొద్దున్న ధన్ ధన్ మని నగారాలు, బాకాలు, వెనక గునపాలు పట్టుకున్న వంద మంది. ముందు నల్లంగీ రాజుగారు. మొదటింటికి వీపానించాడు. వీపు తెల్లబడింది. రెండోదీ అంతే. మూడో ఇంటి దగ్గర నగారా మోతకి పాత పెచ్చులతో సహా కొత్త సున్నం ఊడి తలపాగా మీద పడింది. నాలుగు, అయిదు, ఆరు, ఏడు. ఏడిళ్ళయ్యేసరికి రాజుగారు నెత్తి నించి మడమల దాకా సున్నపు బొమ్మ అయిపోయారు. అందుకే ఆ ఊరు పెచ్చులపాడయింది, తెలిసిందా? ఏడిళ్ళవాళ్ళూ పిల్లల్ని చంకనేసుకుని గొల్లుమంటున్నారు. రాజుగారు కళ్ళెర్రజేసుకుని ఎనిమిదో ఇంటికొచ్చారు. విసురుగా తిరిగి వీపానించబోయారు.

“ఆగండాగండి!” అని ఒక కేక. తాయారు కాదు. పేరిందేవమ్మ! ఆవిడ రాజుగారి దగ్గరికెళ్ళి, మహారాజా, మీ వీపు ఇప్పటికే తెల్లగా ఉంది, ఏ గోడ అంటిందో ఎలా తెలుస్తుంది, ఏడిళ్ళ సున్నం మా ఇంటి మీద వేస్తారా అంది. నిలబడ్డచోట నిలబడినట్టే కొంగుతో ఆయన్ని టపాటపా దులిపేసింది. రాజుగారి వీపు మీద కొట్టినట్టే కొట్టింది!  అంగీ మళ్ళీ నల్లగా నిగనిగలాడింది.

రాజుగారు వీపానించారు.  గవర్రాజు కళ్ళు మూసుకున్నాడు. ఆయన ఊరికే ఆనుకోలేదు, పంతానికి అటూ ఇటూ రుద్దారు, వాళ్ళ గేదె రుద్దుకున్నట్టే. తర్వాత అంగీ విప్పి ముందుకు పట్టుకుని చూశారు. ఒక్క చుక్క లేదు! మళ్ళీ తొడుక్కుని ఇంకోసారి ఆనుకున్నారు. చుక్క లేదు. మూడోసారి ఆనుకుని, ఆ చల్లదనం హాయిగా ఉందని ఇంక లేవలేదు. పేరిందేవమ్మ మజ్జిగిస్తే తాగి, ఈ పూత ఎవరిదని అడిగారు. సున్నాల సూరమ్మదని తాయారు జరిగింది జరిగినట్టు చెప్పింది. రాజుగారు ఆ గోడని అరచేత్తో నిమిరారు. నిమిరి, ఏం కావాలో కోరుకో అన్నారు.

తాయారు నగలడగలేదు, మాన్యాలడగలేదు. ఆ ఏడిళ్ళూ పడగొట్టొద్దు, వీళ్ళకి పని తెలీక చేశారు, నెల గడువివ్వండి, నేను దగ్గరుండి నేర్పిస్తాను అంది. రాజుగారు మీసం సవరించుకున్నారు. సరే, రేపు కొలువులో ఆలోచించి చెబుతాను అన్నారు.

మళ్ళీ రేపు! అప్పుడు పేరిందేవమ్మ రాజుగారి కాళ్ళ దగ్గర కూర్చుని, ఆయన మొహంలోకి చూస్తూ అంది:

“రేపొద్దు బాబూ. మా ఇంట్లో ఆ మాటన్నందుకు ఒక ముసల్ది చచ్చి కూడా రోజూ ఎండలో నడిచింది. ఇప్పుడే చెప్పండి.”

రాజుగారు తలొంచుకున్నారు. లేచి నిలబడి, గునపాలవాళ్ళని అక్కడికక్కడే వెనక్కి పంపేశారు. గడువిచ్చాననీ, ఏ ఇల్లూ పోదనీ అక్కడే, ఆ వీధిలోనే దండోరా వేయించారు. నెల తిరిగేసరికి ఏడిళ్ళూ గీకారు, తడిపారు, పూశారు. గవర్రాజు ఇల్లిల్లూ తిరిగి నీళ్ళు తోడిపెట్టాడు. ఊళ్ళో ఎవరికీ ఆ ఇంటిని రేపోరిల్లు అనే నోరు రాలేదు. అందరూ సుఖంగా ఉన్నారు. తాయారు మాత్రం చాలాకాలం మిట్టమధ్యాహ్నం అయ్యేసరికి గుమ్మంలోకొచ్చి చెవొగ్గేదట. ఏ చప్పుడూ వినపడేది కాదు. సూరమ్మ పని అయిపోయిందని సంతోషం, ఆవిడ ఇంక రాదని బెంగ, రెండూ ఉండేవట ఆ పిల్లకి.

అందుకే పిల్లల్లారా, ఎవరినైనా రేపు రమ్మనే ముందు, వాళ్ళు ఎంత దూరం నడిచొచ్చారో చూడాలి. మీ పని మీరు రేపనుకుంటే మీకే నష్టం. ఇంకొకరి పనిని రేపంటే వాళ్ళ ప్రాణం తిరుగుతూనే ఉంటుంది. పొద్దున్న లేవగానే మీ నాన్నకి ఈ కథంతా చెప్పండి, కుళాయి సంగతి నేను గుర్తుచేయమన్నానని మాత్రం చెప్పకండి.

శేషు పడుకున్నాడు. నువ్వూ కళ్ళు మూసుకో తల్లీ. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పటి దారి పడదాం.